గేజీ

ఇరవై ఆరేండ్లు ఎడమ కాల్వ మీద లస్కరు పని చేసిన.
గేజీ చదువుడే నా బతుకు.
అడుగులు, అంగుళాలు, టైము.
రాత్రి రెండింటికైనా బ్యాటరీ లైటేసి చూసి
నోటుబుక్కుల రాసేటోణ్ని.

ఇప్పుడు మిర్యాలగూడ ఏరియా ఆస్పత్రిల
ఎర్రంకెల డబ్బా ముంగట కూసున్న.
ఎనభై ఎనిమిది.
ఎనభై ఏడు.
తొంభై అయితదేమోనని చూస్తే మళ్ల ఎనభై ఎనిమిది.

మంచానికి కట్టిన అట్ట మీద ‘బేబీ ఆఫ్ అండాలు’ అని ఉంది.
మేనత్త రాలేదని పేరు పెట్టుడు ఆపినం.
రెండు నెలల పది దినాలు.
ముక్కుల సన్న పైపులు.
గాలి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట,
ఎవరో లోపల్నించి తాడేసి గుంజినట్టు.
నిమిషానికి డెబ్బై రెండు సార్లు.
నర్సమ్మ ఎంచింది. నేను ఎంచిన.
ఉపేందర్ ఎంచలేక బయటికి పోయిండు.

“గొంతుల ఏమన్న అడ్డంబడ్డదా మేడం?”
డాక్టర్ నుస్రత్ కేసుషీటు వెనక పెన్నుతోని గీసింది:
ఒక పెద్ద గొట్టం, దాన్నుంచి రెండు,
వాటికి పాయలు, పాయలకు పాయలు,
కొసకు వెంట్రుకలసొంటివి.
“చెట్టు లెక్కుంటది చూడు పెద్దాయనా.”
చెట్టు కాదు మేడం, ఇది నా కాల్వ.
ఇది మేజరు, ఇవి తూములు, ఇవి పిల్లకాల్వలు,
ఇగో ఇవి చివరి మళ్లు.
ఆమె నవ్వలే. పెన్ను నా చేతికిచ్చింది.
“మరి ఏడ ఆగింది?”
కొసల మీద పెట్టిన వేలు.

కొసలనే.
ఏదో వైరస్ దిగి పిల్లకాల్వల గోడలు ఉబ్బిచ్చిందట.
చీమిడి, ఊడిన పొర కలిసి ఒండ్రు పట్టిందట.
గాలి లోపలికైతే పోతది, తిరిగి రాదు.
మురుగు పోని మడి తీరు
ఛాతి ఉబ్బి నిలబడ్డది.
సమజైంది. నాకు శానా మంచిగ సమజైంది.
సమజైనంక ఇంకింత భయమైంది.

“సూది ఎందుకియ్యరు? హైదరాబాద్ తోలుకపోతం!”
ఉపేందర్ లొల్లి.
ఈ జబ్బుకు అట్లాంటి సూది లేదన్నది ఆమె.
ఆక్సిజన్ పెడతం, ముక్కు సాఫ్ చేస్తం,
ట్యూబుల కొన్ని కొన్ని పాలు పోస్తం.
ఈ రెండు రోజులు గట్టిగుంటది,
తర్వాత దానంతటదే దిగుతది.
అందాక కూసోవాలె.

ఒక ఏడు చివరి ఊరోళ్లు గడ్డపారలతోని వచ్చి
నాతోని షట్టరు మొత్తం ఎత్తిచ్చిన్రు.
నీళ్లు దుంకినయ్. కొసకు చేరలే.
నడుమల గండి పడ్డది.
పై నుంచి ఎంత ఒత్తినా
పూడిన పిల్లకాల్వ తెరుసుకోదు.
ఈ ముచ్చట కొడుక్కు చెప్పిన.
వాడు నా మొఖం దిక్కు చూడలే.

ఎందుకు చూస్తడు?
వారం కింద జలుబు నాకే.
రెండు తుమ్ములు, ఒక శొంఠి చాయ్, అయిపోయింది.
ఆ ముక్కుతోనే దాన్ని ఒళ్లెకు తీసుకున్న,
బుగ్గకు బుగ్గ ఆనిచ్చిన.
“మామా, బీడీ వాసన, కడుక్కొని రా” అని అండాలు అంటే
నవ్వి ఊకున్న.
నా మేజరు కాల్వల కొట్టుకపోయిన చెత్తే
దాని వెంట్రుక సందుల ఇరుక్కున్నది.

“నా వల్లనేనా మేడం?”
“ఎవరి నుంచైనా అంటుకోవచ్చు” అన్నది.
‘ఎవరి’ అనే కాడ ఆమె చూపు
నా అంగీజేబు మీద కొంచెంసేపు ఆగింది.

నాలుగో రాత్రి
రైసుమిల్లుల ఊక పొగ కిటికీ దాకా వచ్చింది.
నర్సమ్మ లేచి రెక్క మూసింది.
తొంభై. ఎనభై తొమ్మిది. తొంభై ఒకటి.
అండాలు గోడకొరిగి నిద్రపోయింది,
పాలు కారి జాకెట్టు తడిసిపోయి.
తెల్లారగట్ల తొంభై నాలుగు.
నోటుబుక్కు లేక అరచేతిల రాసుకున్న, టైముతోని.

ఏడో రోజు పొమ్మన్నరు.
దగ్గు ఇంకో రెండు మూడు వారాలుంటదట.
మళ్ల గుంట పడితే ఉరికి రావాలె.
పొగ తాకనియ్యొద్దు.

వేములపల్లి బ్రిడ్జి మీద ఆటో ఆపిచ్చిన.
బీడీ కట్ట కాల్వల ఇసిరేద్దామని చెయ్యి లేపిన.
కింది ఊర్లు తాగే నీళ్లు.
మళ్ల జేబుల పెట్టుకున్న.
వెనక సీట్ల అది దగ్గింది.
వాచీ చూస్త ఎంచుడు మొదలువెట్టిన.